పాటకు కవి పేరు

కంప్యూటరులో పాట వినుటకు పనిముట్టును ఎన్నుకొనేవారు సాధారణంగా దాని రంగులకే మురిసిపోతారు. పీటర్ పావ్లోవ్‌స్కీ 2002లో వెలువరించిన ఫూబార్ 2000కు ఆ హంగులు లేవు, చూపునకు పద్దుపుస్తకమే. అయినను విండోస్ యంత్రాలకు అదే మేలు. బరువు కొద్ది మెగాబైట్లు. పోర్టబుల్ పద్ధతిని స్థాపిస్తే అమరికలన్నీ ఒకే ఫోల్డరులో నిలుస్తాయి గనుక, పెన్‌డ్రైవులో వేసుకొని ఎక్కడికైనా కొనిపోవచ్చు.

అంతకన్న ముఖ్యమైన గుణం మరొకటి కలదు. పాట వివరాలలో కవి పేరు, రాగం పేరు వ్రాసుకొంటే, వాటికి వేరు వేరు నిలువు వరుసలు కల్పించుకోవచ్చు. చిత్రం పేరు, గాయకుని పేరు మాత్రమే చూపే పరికరాలలో పింగళి, కొసరాజు, సముద్రాల అజ్ఞాతులవుతున్నారు. (ఘంటసాలను ఎవరూ మరువరు, మరువనక్కరలేదు.) ఇందులో పింగళి అని వెదకితే పింగళి పాటలన్నీ ఒక్కచోట చేరుతాయి. ఆ పేర్లు ఎక్కించే శ్రమ మాత్రం శ్రోతదే. ఒక్క ఆదివారంతో ముగిసే పని కాదు.