భాగస్వామి మరణిస్తే అతని వాటా ఏమవుతుంది?

భాగస్వామ్య వ్యాపారం ప్రారంభించేటప్పుడు పెట్టుబడి ఎంత, లాభంలో వాటా ఎంత అన్న విషయాలు మనం మాట్లాడుకుంటాము. ఇద్దరిలో ఒకరు మరణిస్తే ఏమి చేయాలన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అశుభమని సంకోచం కాబోలు. మరణాన్ని నిత్యం స్మరించవలసిన సమాజానికి ఈ సంకోచం తగదు.

ఇద్దరు మిత్రులు చెరి పది లక్షలు పెట్టి బట్టల దుకాణం తెరిచారనుకుందాము. భార్యను, పసివాడైన కొడుకును, కూతురును వదలి ఒకరు కన్నుమూశారు. షరీఅత్ దృష్టిలో ఆ షరీకత్ అంతటితో ముగిసింది. ఒప్పందంలో వేరుగా వ్రాసుకోకపోతే, 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 42వ సెక్షన్ ప్రకారం కూడా సంస్థ రద్దవుతుంది. అప్పులు, వసియ్యత్ తీరిన తరువాత భార్యకు ఎనిమిదో వంతు, మిగతా వారసులకు వారి వారి వాటాలు చెందాలి. కాని ఆ సొత్తు గోదాములోని సరుకులో, ఊరిమీది బాకీలలో ఉంది. రెండవ భాగస్వామి ఎంత నిజాయితీపరుడైనా అంత డబ్బు ఒక్కసారిగా ఎక్కడినుండి తెస్తాడు?

ఈ ఇబ్బందికే బీమా కంపెనీలు పాలసీ చూపుతాయి. భాగస్వాముల ప్రాణాలకు బీమా చేయించి, ఒకరు పోతే వచ్చిన సొమ్ముతో వారసుల వాటా కొనడం దాని పద్ధతి. అయితే జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1985లో, గరర్ కారణంగా వాణిజ్య బీమా నిషిద్ధమని, సహకార బీమాయే దానికి ప్రత్యామ్నాయమని తీర్మానించింది. మలేషియాలో 1984లోనే తకాఫుల్ చట్టం వచ్చింది. మన దేశంలో తకాఫుల్ కంపెనీ లేదు. అవసరాన్ని బట్టి కొంత వెసులుబాటు చూపిన ఉలమాలూ ఉన్నారు గనుక, పాలసీ విషయం మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడగండి.

ఒప్పంద పత్రం విషయంలో మాత్రం భిన్నాభిప్రాయానికి తావు లేదు. గడువుతో కూడిన అప్పును వ్రాసుకోమని ఆదేశించే సూరె బఖరా 282వ ఆయత్ ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. మరణిస్తే వాటాకు విలువ కట్టేదెవరు, ఎన్ని వాయిదాలలో చెల్లించాలి, ఒకరు మంచాన పడితే ఎన్నాళ్లు పాత వాటాయే ఇవ్వాలి అన్నవి పత్రంలో ఉండాలి. నెలనెలా లాభంలో కొంత తీసి, పరస్పర సహాయ నిధిగా వేరే ఖాతాలో ఉంచడం మేలని మా అభిప్రాయం. జకాత్ కోసం ఏటా సరుకు విలువ ఎలాగూ కడతాము. ఆ లెక్కపై ఇద్దరూ సంతకం చేసి పత్రానికి జతపరిస్తే సగం తగాదా తీరుతుంది.

మరొక సంగతి. లెక్క తేల్చకుండా మిగిలినవారు వ్యాపారం సాగిస్తే, వారసులు తమ వాటాపై వచ్చిన లాభాన్ని గాని, ఏటా 6 శాతం వడ్డీని గాని కోరవచ్చునని 37వ సెక్షన్ చెబుతోంది. మనం కోరవలసింది లాభమే. లాభం లెక్కగట్టడం కష్టమని ఎవరైనా వడ్డీకి ఒప్పించబోతే, ఎంచుకునే హక్కు తనదేనని ఆ ఇల్లాలికి తెలిసి ఉండాలి. కనుక పత్రం నకలు ఒకటి భార్యకు ఇవ్వండి. భర్తకు ఎవరితో ఎంత వాటా ఉన్నదో చాలా ఇండ్లలో జనాజా ముగిసిన తరువాతనే తెలుస్తోంది.