అలకకో రోజు... ఆటకో రోజు!

పొద్దున పాలప్యాకెట్టు కత్తిరించింది మొదలు రాత్రి పొయ్యిగట్టు తుడిచే దాకా వంటింట్లోనే గడిపే ఇల్లాలితో "మనసు బాగోలేదా? ఏదైనా తీపి చేయండి, తేలికపడుతుంది" అని చూడండి. "ఇప్పటికి చేస్తున్నది చాలదా తల్లీ!" అంటుంది. న్యాయమే మరి. రోజంతా లెక్కలు రాసి వచ్చిన గుమాస్తాకు, సేద తీరమని ఇంకో నాలుగు లెక్కలు ఇచ్చినట్టుంటుంది ఆ సలహా.

అయినా అందులో నిజం లేకపోలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్ళలో ఇరుక్కుపోయినప్పుడు, ఎన్నడూ పొయ్యి వైపు చూడనివాళ్ళు సైతం పిండి కలిపి కేకులూ బిస్కెట్లూ మొదలుపెట్టారు. ఆకలేసి కాదు, తోచక, దిగులు తట్టుకోలేక. మరి వాళ్ళకు ఊరటనిచ్చిన పని మనకెందుకు విసుగవుతోంది?

కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. మనల్ని నలిపేది పిండీ నూనే కాదు, వాటి వెనకున్న హాజరుపట్టీ. ఏడున్నరకల్లా టిఫిను డబ్బాలు సర్దాలి, మామగారికి కారం తగ్గించాలి, పిల్లాడికి కూర నచ్చాలి, ఇంతా చేశాక "ఉప్పు ఎక్కువైనట్టుందే" అనే మాట పడాలి. అదే ఎవరూ అడగని వంట, ఎవరికీ బాకీ లేని వంట అయితే? అప్పుడది చాకిరీ కాదు, ఆట.

ఈ తేడా మన ఓరుగల్లు ఆడవాళ్ళకు ఒకరు చెప్పాల్సింది కాదు. బతుకమ్మనే చూడండి. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూలతో మొదలై పద్మాక్షి గుట్ట దగ్గర సద్దులతో ముగిసే ఆ తొమ్మిది రోజుల్లో రోజుకో నైవేద్యం. కానీ ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆనాడు బతుకమ్మను పేర్చరు, నైవేద్యమూ పెట్టరు. అమ్మ అలిగింది, అంతే! ఎవరూ తప్పు పట్టరు. మర్నాడే వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండి ముద్దను చిట్టిచిట్టి వేపకాయల్లా ఒత్తి వేయిస్తారు. చేదుకు మారుపేరైన కాయ రూపంలో కమ్మని నైవేద్యం! అలకకు ఒక రోజు ఇచ్చి, ఆ వెంటనే చేతులకు ఒక ఆట ఇచ్చారు చూశారూ, అదీ మన పెద్దల తెలివి.

ఇప్పటి పరిశోధకులదీ ఇంచుమించు ఇదే మాట. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 658 మంది యువతీయువకుల చేత 13 రోజులపాటు రోజూ డైరీ రాయించి, 2016లో ఫలితాలు వెల్లడించారు. అల్లికలు, బొమ్మలు గీయడం, కొత్త వంటకం ప్రయత్నించడం లాంటి సృజనాత్మక పనులు మామూలుకన్నా ఎక్కువ చేసిన రోజుకు మర్నాడు వాళ్ళలో ఉత్సాహం, బతుకు బాగుందన్న తృప్తి ఎక్కువగా కనిపించాయట. పిండి మెదుపుతూ, ముక్కు ఎంత పొడుగు పెట్టాలా అని చూస్తున్నంతసేపూ మనసు కరెంటు బిల్లు దగ్గరకు పోదు. పైగా మొదలెట్టిన పని గంటలో పూర్తయి కళ్ళెదుట కనబడుతుంది. ఇంటిపనిలో మనకు దొరకనిది అదే కదా!

ఓవెన్ లేదని దిగులు పడకండి. ఈ బొమ్మల నాన్‌ఖటాయిలు ప్రయత్నించండి.

కావలసినవి: గోధుమపిండి ఒక కప్పు, శనగపిండి పావు కప్పు, బొంబాయి రవ్వ రెండు చెంచాలు, చక్కెర పొడి అర కప్పు, పేరిన నెయ్యి అర కప్పు, బేకింగ్ పౌడర్ చిటికెడు, యాలకుల పొడి కొంచెం, కళ్ళకు నల్లనువ్వులు, ముక్కులకు జీడిపప్పు పలుకులు.

చేసే విధానం: నెయ్యి, చక్కెర పొడి కలిపి తెల్లగా నురగలా అయ్యేవరకు చేత్తో గిలకొట్టాలి. పిండ్లు, రవ్వ, బేకింగ్ పౌడర్, యాలకుల పొడి వేసి మెత్తగా ముద్ద చేయాలి. విడిపోతుంటే ఒక చెంచా పాలు చల్లండి. పావుగంట ఫ్రిజ్‌లో ఉంచితే బొమ్మలు చక్కగా నిలుస్తాయి. ఇక మీ ఇష్టం! వేపకాయలు చేయండి, పిచ్చుకలు చేయండి. కోలగా చేసిన ముద్ద వీపు మీద కత్తెర మొనతో చిన్న చిన్న గాట్లు పెడితే ముళ్ళపంది తయారు. బొమ్మలన్నీ ఒకే మందంలో ఉంటే సమంగా కాలతాయి.

మందపాటి అడుగున్న పాత గిన్నెలో అరకిలో ఉప్పు పరిచి, మధ్యలో స్టాండు పెట్టి, మూతవేసి మధ్యస్థంగా మంట మీద పది నిమిషాలు వేడిచేయండి. నాన్‌స్టిక్ గిన్నె వద్దు. కుక్కర్ కూడా నీళ్ళు లేకుండా కాలిస్తే పాడవుతుంది. నెయ్యి రాసిన పళ్ళెంలో బొమ్మలు ఎడంగా పేర్చి స్టాండు మీద ఉంచి, మూతపెట్టి సన్నని మంట మీద 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారుపడకండి. చల్లారాక గుల్లగా అవుతాయి. ఆ ఉప్పు కూరల్లోకి పనికిరాదు కానీ, సీసాలో దాచుకుంటే మళ్ళీ ఇదే పనికి వాడుకోవచ్చు.

అయితే దీనికి మూడు షరతులు. ఒకటి, చుట్టాలు వచ్చే రోజు చేయకూడదు. చేశారంటే అది మళ్ళీ డ్యూటీయే. రెండు, మార్కులు వేసుకోకూడదు. పిచ్చుక కాస్తా కప్పలా వచ్చిందా, పిల్లలు ఇంకా నవ్వుతారు! మూడోది ముఖ్యం... తిన్నవాళ్ళే గిన్నెలు కడగాలి. మీవారైనా సరే, ఇంజినీరింగు చదివే అబ్బాయైనా సరే. గంటసేపు ఆడుకుని మరో గంట గిన్నెలు తోముకుంటే దక్కిన ఊరట కాస్తా సింకులో పోయినట్టే!

ఇంకో మాట. బిస్కెట్లు అన్ని బాధలకూ మందు కావు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్రా ఆకలీ పోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, "ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే" అని సరిపెట్టుకోకండి. డాక్టరుకు చూపించుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతికి ఉండాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ నిమిషమే చెయ్యండి.

మామూలు చిరాకులకు మాత్రం వారంలో ఒక గంట మీ పేరున రాసుకోండి. "ఇవాళ ఎవరికోసం చేస్తున్నావమ్మా?" అని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా "నాకోసమే" అనండి. మొదటి ముళ్ళపందిని మీరే తినండి!