ఒక్క అక్షరం... కొలువు ఊడగొట్టింది!

చిరిగిన అంగీని తడిక మీదుగా విసిరేసి 'కుట్టి పంపు' అన్నాడు సత. హరిమ ప్రాంతాన్ని ఏలే దొర దగ్గర అతనో ఉద్యోగి. అవతలున్నది క్యోటో నుంచి వచ్చి, దిక్కులేక ఆ ఊరివాళ్ల పంచన కుట్టుపని చేసుకుంటున్న ఆడమనిషి.

అంగీ తిరిగొచ్చింది. చిరుగు చిరుగులాగే ఉంది. దానికో కాగితం కట్టి ఉంది. అందులో ఓ పద్యం... చదవగానే సత భగ్గుమన్నాడు. 'ఇన్నేళ్లలో దొరగారే నన్ను 'సత గ' అనలేదు. అనడానికి ఈవిడెవరు?' అని కనిపించినవారికల్లా చెప్పుకున్నాడు. సంగతి దొర చెవిన పడింది. చివరికి కొలువు పోయింది సతకే!

పదమూడో శతాబ్దం తొలినాళ్ల జపాన్ కథల సంపుటి 'ఉజి షూయి మొనొగతారి'లోని కథ ఇది. ఇంతకీ 'గ' చేసిన నేరమేంటి?

మన 'రామునికి', 'రామునితో' లాగే జపనీస్‌లోనూ విభక్తి పేరు తర్వాతే వస్తుంది. అప్పట్లో 'యొక్క' అనడానికి రెండు మాటలుండేవి. గౌరవించాల్సినవారికి 'నొ'. తనకూ తనవాళ్లకూ, చులకనగా చూసేవాళ్లకూ 'గ'. మనకు 'వచ్చారు', 'వచ్చాడు' ఎలాగో అలాగన్నమాట. ఆ కుట్టుపనావిడ 'సతగారి అంగీ' అనలేదు, 'సతగాడి అంగీ' అంది!

మరి అదే 'గ' ఇప్పుడేం చేస్తోంది? కర్త పక్కన కూర్చుంది. పాత జపనీస్‌లో మామూలు వాక్యంలోని కర్తకు సాధారణంగా ఏ విభక్తీ ఉండేది కాదు. 'నేను కొన్న పుస్తకం' లాంటిచోట మాత్రం 'నేను' పక్కన 'గ' చేరేది. కాలక్రమంలో, ఇలా పేరుకు ముందు వాడే క్రియారూపాన్నే వాక్యం చివరా వాడటం మొదలైంది. దాంతో 'గ' కూడా మామూలు వాక్యంలోకి వచ్చేసింది. చులకన భావం పోయింది. ఇప్పుడు చక్రవర్తి వచ్చినా 'గ'నే, పిల్లి వచ్చినా 'గ'నే!

పాత వాసన మాత్రం అక్కడక్కడా మిగిలింది. 1600లో పెద్ద యుద్ధం జరిగిన 'సెకిగహర' పేరులోనూ, 'మా దేశం' అనే అర్థమున్న 'వగకుని'లోనూ 'గ' అంటే 'యొక్క' అనే. క్యూషూ దీవిలోని కుమమొతొ యాసలోనైతే పెద్దలు కర్తయితే 'నొ', తనవాళ్లయితే 'గ' అనే తేడా కూడా ఉంది.

మార్పు ఇంకా ఆగలేదు. 'నీళ్లు తాగాలని ఉంది' అనడానికి కొందరు 'మిజు గ నొమితై' అంటే, కొందరు 'మిజు ఒ నొమితై' అంటారు. ఈ 'ఒ' మన 'ను' లాంటిది. మనం 'అన్నాన్ని తిన్నా' అనకుండా 'అన్నం తిన్నా' అన్నట్టే, ఇంట్లో మాటల్లో వాళ్లూ దాన్ని తరచూ వదిలేస్తారు.

ఇవాళ ఈ కథ చదివే జపాన్ పిల్లలకు మాత్రం, సతకు అంత కోపం ఎందుకొచ్చిందో ఎవరో ఒకరు విడమరిచి చెప్పాల్సిందే. వాళ్ల పేరు పక్కన రోజూ వినిపించేది ఆ 'గ'నే మరి!