పిట్టగోడ చెప్పిన పాఠం



సాయంత్రం ఆరు గంటలకు మన టౌన్‌షిప్‌లో ఒకసారి నడిచి చూడండి. కమ్యూనిటీ హాలు తలుపులకు తాళం వేసి ఉంటుంది. దానికి వంద గజాల దూరంలో మురుగుకాలువ కల్వర్టు పిట్టగోడపై పదిహేను ఇరవై మంది పిల్లలు కూర్చొని ఉంటారు. 1998లో ఆ హాలును దగ్గరుండి కట్టించినవాడిని నేనే. ఆ కల్వర్టును కట్టించినవాడినీ నేనే. మొదటిది యువత కోసం, రెండవది మురుగునీటి కోసం. యువత రెండవదానినే ఎంచుకున్నది!

ఈ సంగతి నాకు తట్టేటట్లు చేసినది మా అమ్మాయి. ఇంటర్మీడియట్ కాగానే అయిదేళ్ల ఆర్కిటెక్చర్ కోర్సులో చేరుతానన్నది. సివిల్ ఇంజనీరింగ్ చదివితే చాలదా అని నేను వాదించాను. "భవనం పడిపోకుండా నిలబెట్టడం మీ దగ్గర నేర్చుకోగలను నాన్నగారూ. మనుషులు వచ్చి కూర్చోవాలనిపించేటట్లు కట్టడం నేర్చుకోవాలని ఉంది" అన్నది. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉండి కూడా నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

ఆ సంవత్సరం సంక్రాంతి సెలవులకు పుదుచ్చేరి వెళ్లినప్పుడు, అనుమతి తీసుకొని, శ్రీ అరవిందాశ్రమానికి చెందిన 'గోల్కొండ్' వసతి గృహాన్ని చూశాము. ఆ పేరు మన గోల్కొండదే. హైదరాబాదు సంస్థాన దివానుగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఇచ్చిన లక్ష రూపాయల విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. రూపకర్త ఆంటోనిన్ రేమండ్ చెక్ దేశంలో పుట్టి, జపానులో పేరు తెచ్చుకున్న శిల్పి. 1937లో నిర్మాణం ఆరంభమైనప్పుడు ఆయన ప్రతినిధిగా అక్కడ పని నడిపించిన జార్జ్ నకాషిమా వయస్సు 32 ఏళ్లు. లె కార్బూజియే వద్ద పనిచేసిన చెక్ యువకుడు ఫ్రాంటిషెక్ సామర్ ఆయనకు తోడుగా ఉన్నాడు. మన దేశంలో ఆధునిక పద్ధతిలో వెలసిన తొలి రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు భవనాలలో అది ఒకటి.

ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్నవి మూడు విషయాలు. మొదటిది, భవనపు పొడవాటి ముఖాలు ఉత్తర దక్షిణాలకు ఉన్నాయి. సాయంత్రపు ఎండ ఇరుకైన పక్కకే తగులుతుంది. రెండవది, కిటికీలకు అద్దాలు లేవు. వాటి స్థానంలో తిప్పుకొనే అడ్డపలకలు ఉన్నాయి. ఎండనూ వాననూ ఆపి, గాలిని మాత్రం లోనికి పంపుతాయి. (వాటికి నాడు వాడిన ఆస్బెస్టాస్ సిమెంటు హానికరమని నేడు మనకు తెలుసు, ఆలోచనను తీసుకుందాం, పదార్థాన్ని వద్దు.) మూడవది, శ్లాబుపై వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరచి, నడుమ గాలి ఆడే ఖాళీ వదిలారు.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. నిర్మాణంలో ఆశ్రమవాసులే పాలుపంచుకున్నారు. వారిలో చాలామందికి ఆ పని కొత్త. పని చేస్తూ నేర్చుకున్నారు, నేర్చుకున్నదానిని తామే కాపాడుకుంటున్నారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ భవనం నిన్న కట్టినట్లు ఉండటానికి రహస్యం కాంక్రీటు మిశ్రమంలో మాత్రమే లేదు.

గోల్కొండ్ సాధకుల నివాసం. అందరూ వచ్చి కబుర్లు చెప్పుకొనే చోటు కాదు. అటువంటి చోటును అదే సాయంత్రం పుదుచ్చేరి సముద్రతీర వీధిలో చూశాము. సాయంత్రం అక్కడ వాహనాలను ఆపివేస్తారు. దారి అంతా నడిచేవారిదే అవుతుంది. గోడపై వరుసగా విద్యార్థులు, పక్కనే తాతలు, మనుమలు. టికెట్టు లేదు, దరఖాస్తు లేదు, 'ఎందుకొచ్చావు?' అని అడిగేవారు లేరు. "మన కల్వర్టు లాగానే ఉంది కదూ!" అన్నది మా అమ్మాయి.

తిరిగి వచ్చి మన హాలును కొత్త కళ్లతో చూశాను. పొడవాటి గోడ పడమటికి ఉన్నది. నాలుగు గంటలకు పెనంలా కాగుతుంది. వెంటిలేటర్లు ఎనిమిది అడుగుల ఎత్తున ఉన్నాయి. లోపలివారికి వీధి కనపడదు, వీధిలోనివారికి లోపల ఎవరున్నారో తెలియదు. బయట కూర్చొనే అరుగు ఒక్కటీ లేదు. తాళంచెవి కావాలంటే రెండు సంతకాలు కావాలి. ప్లాను గీసేటప్పుడు కుర్చీలు ఎన్ని పడతాయో లెక్క వేశాను గాని, ఎవరు కూర్చుంటారో ఆలోచించలేదు. తప్పు నాదే.

ఇప్పుడు ఆ హాలు మరమ్మతు అంచనా నా బల్లపై ఉన్నది. అందులో ఏ.సి. యంత్రాలు, నల్ల అద్దాలు, కొత్త ఇనుప గేటు ఉన్నాయి. సంతకం పెడితే వచ్చే నెలలో పని మొదలవుతుంది. మరో ఇరవై ఏళ్లు పిల్లలు కల్వర్టు మీదనే ఉంటారు. అందువలన దానిని వెనక్కు పంపి, మరొక అంచనా తయారు చేస్తానని వ్రాశాను: పడమటి వైపు లోతైన వరండా, దాని పొడవునా అరుగు, కిందికి దింపిన కిటికీలు, చెట్టునీడ, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే తలుపు. పై అధికారులు అంగీకరిస్తారో లేదో చెప్పలేను. ఉద్యోగ విరమణకు ముందు నేను సరిదిద్దుకోగల పొరపాటు మాత్రం ఇది.

అయితే ఈసారి ప్లాను నేనొక్కడినే గీయను. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు కల్వర్టు వద్దకే వస్తాను. మీ పిల్లలను పెన్సిలు, కాగితం తీసుకొని రమ్మనండి. ఆర్కిటెక్చర్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కూడా సెలవులకు వచ్చి ఉంటుంది. పెద్దలు రావచ్చు, కాని మొదటి అరగంట మనం మాట్లాడకుండా వినాలి. అదొక్కటే షరతు.