పురుగు దేహం తెలియక సస్యరక్షణ ఎట్లు?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి నేలలలో పత్తికి, శనగకు పురుగుల బెడద కొత్తది కాదు. 1906లో నెలకొన్న నంద్యాల పరిశోధన స్థానం నుండి నరసింహ వంటి పత్తి రకాలు వెలువడినవి. సస్యరక్షణ సిఫారసులకూ కొదవ లేదు. అయినప్పటికీ రైతుకు చేరే సలహా తరచుగా మందు పేరు, మోతాదు, పిచికారీ సమయం అనే మూడు మాటలతో ముగుస్తున్నది. పురుగు నోరు, పేగు, నాడి, చర్మం ఏ విధంగా పనిచేస్తాయో చెప్పని సలహా అసంపూర్ణమైనది. అకశేరుక జీవుల శరీర నిర్మాణం, శరీరధర్మం గురించిన జ్ఞానం తరగతి గదిని దాటి విస్తరణ భాషలోకి రావలసిన అవసరం ఉన్నది.

బి.టి. పత్తి ఇందుకు మంచి ఉదాహరణ. 2002లో ఒక ప్రోటీన్‌తో, 2006లో రెండు ప్రోటీన్లతో ఈ విత్తనం దేశంలో సాగుకు వచ్చినది. ఈ ప్రోటీన్ కాయతొలుచు పురుగు కడుపులోకి చేరి, క్షారగుణం గల మధ్యాంత్రంలో చురుకుదనం పొంది, పేగు గోడపై ఉండే గ్రాహకాలకు అతుక్కొని రంధ్రాలు చేస్తుంది. పేగు చెడిన పురుగు మేత మాని చనిపోతుంది. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంకల తీరు వేరు. అవి సూది వంటి నోటితో రసం పీల్చేవి. వాటి పేగులో ఈ ప్రోటీన్లకు తగిన పరిస్థితులు లేవు. కనుక బి.టి. పత్తిలో పచ్చదోమ కనబడితే అది విత్తన లోపం కాదు. ఈ ఒక్క విషయం తెలిసిన రైతు విత్తనాన్ని నిందించడు, రసం పీల్చే పురుగులపై మొదటి నుండే నిఘా పెడతాడు.

గులాబి రంగు పురుగు నేర్పిన పాఠమూ పేగుకు సంబంధించినదే. గ్రాహకాలలో జన్యుమార్పు వచ్చిన పురుగుకు విషం అతుక్కోదు. 2010 నాటికి గుజరాత్ చేలలో మొదటి ప్రోటీన్‌ను తట్టుకునే పురుగులు బయటపడినవి. తరువాతి సంవత్సరాలలో రెండింటినీ తట్టుకునేవి వచ్చినవి. చేను చుట్టూ బి.టి. కాని పత్తి వరుసలు వేయమనడం వెనుక ఉన్న తర్కం ఇదే. అక్కడ బతికిన సాధారణ పురుగులు నిరోధకత గల వాటితో జతకట్టి, ఆ లక్షణం వేగంగా స్థిరపడకుండా చూస్తాయి. కారణం చెప్పకుండా ఇచ్చిన ఆ విత్తన సంచి గట్టున పడి ఉంటే తప్పు రైతు ఒక్కడిదే కాదు.

గుడ్డు నుండి వెలువడిన ఈ పురుగు త్వరలోనే మొగ్గలోకి, కాయలోకి చొరబడుతుంది. లోపల ఉన్న దానికి పైన పడిన మందు తగలదు. అందుకే మగ రెక్కల పురుగు స్పర్శశృంగాలు పసిగట్టే వాసనతో లింగాకర్షక బుట్టలు, గుడ్డి పూల ఏరివేత సిఫారసు అగుచున్నవి. పంట చివర పగటి కాలం తగ్గి చలి పెరిగినప్పుడు ముదురు లార్వా సుప్తావస్థలోకి పోయి, గింజలలో, మోళ్లలో దాగి తదుపరి పంట కోసం వేచి ఉంటుంది. మోళ్లను తొలగించి పంటను సకాలంలో ముగించమనడం ఆ సుప్తావస్థను ఛేదించడానికే.

శనగలోనూ ఇదే మాట. ఎన్.పి.వి. ద్రావణం పనిచేసేది శనగపచ్చ పురుగు పేగు ద్వారానే; అది పురుగు తిన్న ఆకుపై ఉండాలి, పురుగు చిన్నదై ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వైరస్‌ను నశింపజేస్తాయి గనుక సాయంకాలం పిచికారీ అవసరం. కుబుసం విడిచే ప్రక్రియను అడ్డగించే మందులు కైటిన్ తయారీపై దెబ్బ తీస్తాయి. కనుక అవి లార్వాలపై పనిచేస్తాయి, రెక్కల పురుగును చంపలేవు.

నాడీ వ్యవస్థ విషయం మరింత ముఖ్యమైనది. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ పేర్లు వేరైనా తాకే గ్రాహకం ఒకటే. మందు మార్చినట్లు భావించిన రైతు అదే నాడిపై మళ్లీ మళ్లీ కొట్టి నిరోధకతకు దారి వేస్తున్నాడు. అదే నాడీ నిర్మాణం అక్షింతల పురుగుకూ ఉన్నది కనుక విచక్షణ లేని పిచికారీకి మొదట బలి అయ్యేది మిత్రపురుగు. ఖర్చు రైతుది, లాభం శత్రుపురుగుది.

రైతులకు ఇంత శాస్త్రం అవసరమా అనే ప్రశ్న సహజం. పశువుకు కడుపు ఉబ్బితే ఏమి చేయాలో తెలిసిన రైతు దాని జీర్ణవ్యవస్థను ఎరిగినవాడే. పురుగు గురించి మాత్రం అతనికి ఆ అవకాశం దక్కలేదు. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థి భూతద్దంతో పొలంగట్టున పచ్చదోమ సూదినోటిని, పురుగు విడిచిన కుబుసాన్ని చూపితే ఆ లోటు తీరుతుంది. రైతు సేవా కేంద్రాలలో మందుల పట్టికను వ్యాపార నామాల వారీగా కాక, పనిచేసే అవయవం వారీగా రాయడం కష్టమైన పని కాదు. ప్రతి సిఫారసుకు ‘ఎందుకు’ అనే ఒక వాక్యం జోడించాలి. ఆ వాక్యం ఉన్నప్పుడే దుకాణం ముందు నిలిచిన రైతు తనకు ఏది అవసరమో, ఏది అనవసరమో తానే నిర్ణయించుకోగలడు.