విడిభాగం మార్చుటకు ముందు

కళాశాల వెనుక షెడ్డులో నిలిచి ఉన్న డాడ్జ్ లారీని ఎరుగని విద్యార్థి ఉండడు. మన తొలి భవనాలకు ఇటుకలు, సున్నం మోసిన బండి అది. దానిని ఇనుము ధరకు అమ్మివేయాలన్న ఆలోచన పాలక సంఘం ముందు ఉన్నదని విన్నాము. ఎంత ఖర్చు పెట్టినా అది నడవదన్నది అందుకు చెప్పే కారణం. ఈ కారణం సరియైనది కాదని మా అభిప్రాయం. ఖర్చు జరిగిన మాట నిజమే. పరీక్ష మాత్రం జరగలేదు.

జరిగినది ఇది. సెల్ఫ్ కొట్టగానే లారీ స్టార్టయ్యేది. నిలిచి ఉన్నంతసేపు ఇంజను నిలకడగా తిరిగేది. బయలుదేరి వేగం అందుకొన్న తరువాత మిస్సింగ్ మొదలయ్యేది, ఒక్కొక్కసారి ఆగిపోయేది. రోడ్డు పక్కన కాసేపు ఉంచితే మళ్ళీ కదిలేది. వేడెక్కి ఆగుతున్నదని అందరమూ అనుకొన్నాము. ఒక వర్క్‌షాపువారు మొదట ఆరు ప్లగ్గులు మార్చారు, తరువాత కాయిల్ మార్చారు, ఆపైన కండెన్సర్ మార్చారు. మార్చినప్పుడల్లా రెండు రోజులు బాగున్నట్లే తోచేది. చివరకు నింద కార్బురేటర్ మీద పడ్డది.

వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. 1954లో జంషెడ్‌పూర్ నుండి టాటా–మెర్సిడెస్ బెంజ్ లారీలు రావడం మొదలైన తరువాత మన రోడ్ల మీద క్రమంగా డీజిల్‌దే రాజ్యమైంది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకొంటుంది. డీజిల్ లారీల మీద చేయి తిరిగిన మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ మూత తీయకుండానే ఒక జీవితం గడపవచ్చు.

మా సహాధ్యాయి తాతగారు పెట్రోలు లారీల కాలపు మనిషి. ఊరందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన వచ్చి ఏ విడిభాగమూ అడగలేదు. ఒక 6 వోల్టుల బల్బు, రెండు తీగలు అడిగారు. “సామాన్ తర్వాత, బేటా. కరెంటు ఎక్కడిదాకా వస్తుందో ముందు చూడండి” అన్నారు.

ఆయన చేసినదంతా మనం తరగతిలో చదివినదే. ఫారడే 1831లో కనుగొన్న విద్యుత్ ప్రేరణ మీదనే ఈ ఏర్పాటంతా ఆధారపడి ఉన్నది. దానిని 1910 ప్రాంతంలో చార్లెస్ కెటరింగ్ మోటారు కారుకు ఆచరణయోగ్యంగా అమర్చాడు. పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని లావుతీగ చుట్లలో పారుతుంది. పాయింట్లు తెరుచుకోగానే ఆ కరెంటు తెగి, సన్నతీగ చుట్లలో వేల వోల్టులు పుడతాయి. రోటార్ వాటిని 1-5-3-6-2-4 వరుసలో ప్లగ్గులకు పంచిపెడుతుంది. పాయింట్లు తెరుచుకొనే క్షణంలో అక్కడే మెరుపు లేచి వృథా కాకుండా కండెన్సర్ కాపాడుతుంది.

మొదట డిస్ట్రిబ్యూటర్ మూత నడుమ నుండి కాయిల్ తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ తిప్పించారు. నీలిరవ్వ గట్టిగా దూకితే దోషం మూతలోనో, రోటార్‌లోనో, ప్లగ్గులలోనో, పెట్రోలులోనో వెతకవలెను. రాకపోతే కాయిల్ వైపు వెతకవలెను. (పొడిగుడ్డ లేకుండా తీగ పట్టుకొన్న మాలో ఒకడు ఈ పాఠాన్ని ఇక మరువడు.) రవ్వ ఒకసారి వచ్చి, ఒకసారి రాలేదు.

తరువాత బల్బు పని. ఒక తీగను కాయిల్ నుండి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే కొనకు, రెండవదానిని చాసిస్‌కు కలిపి ఇంజనును చేత్తో మెల్లగా తిప్పారు. పాయింట్లు తెరిచినప్పుడు బల్బు వెలగాలి, మూసినప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా డిస్ట్రిబ్యూటర్‌లో ఎక్కడో అది చాసిస్‌కు తగులుకొని పోతున్నది. ఎప్పుడూ ఆరకపోతే పాయింట్ల గుండా దారి తెగి ఉన్నది. మా బల్బు చక్కగా వెలిగి ఆరింది. మేము నిరాశపడ్డాము. ఉస్తాద్ పాయింట్లు మూసి ఉండగా, అవి నిలిచిన పళ్లెమును వేలితో కొద్దిగా తిప్పారు. ఆరి ఉన్న బల్బు వెలిగింది. వదలగానే ఆరింది.

వేగం మారినప్పుడు ఇంజను పీల్పుకు లోబడి ఆ పళ్లెం అటూ ఇటూ కొద్దిగా తిరుగుతుంది. దానితోపాటు వంగే సన్నని తీగలో, పైతొడుగు చెక్కుచెదరకుండానే, లోపలి రాగిపోగులు విరిగి ఉన్నాయి. నిలిచినప్పుడు అవి తాకుతున్నాయి, పళ్లెం తిరిగినప్పుడు విడిపోతున్నాయి. వేడికి సంబంధమే లేదు. జానెడు మెత్తని తీగ వేసి, పాయింట్లను సన్నని ఆకురాయితో సమం చేసి, ఎడం అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులకు బిగించారు. పాయింట్లను ఎమెరీ కాగితంతో రుద్దనివ్వలేదు. దాని రేణువులు చిక్కుకొని మళ్ళీ కాలుతాయట. లారీ ఊరి చుట్టూ తిరిగి వచ్చింది.

విడిభాగం మార్చడం పరీక్ష కాదని మేము అంటున్నది ఇందుకే. ఒకేసారి మూడు మార్చితే, బండి నడిచినా దేనివల్ల నడిచిందో తెలియదు; ఆగితే కొత్తవాటిని కూడా అనుమానించవలసి వస్తుంది. ప్రయోగశాలలో ఒక్కొక్క రాశినే మార్చి చూడమని చెప్పే మనం షెడ్డులోకి వెళ్ళగానే ఆ నియమం మరచిపోతున్నాము. 12 వోల్టులకు మార్చివేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. తీగ తెగిన చోట 12 వోల్టులైనా పారవు. అయితే 6 వోల్టులలో ఒక దోషం ఉన్నది: తుప్పుపట్టిన కలుపు దగ్గర అర వోల్టు పోయినా పన్నెండవ వంతు పోయినట్లే. కాబట్టి కలుపులను శుభ్రంగా, కేబుళ్లను లావుగా ఉంచవలెను.

పాలక సంఘం వారికి మా మనవి: లారీని వేలం వేయవద్దు. భౌతికశాస్త్ర విద్యార్థులకు వారానికి ఒక గంట ఆ షెడ్డు తాళం ఇప్పించండి. ఉస్తాద్ గారు పైకం వద్దన్నారు. ఆయనకు రానుపోను ఖర్చయినా ఇవ్వడం మన మర్యాద. బ్యాటరీని నెలకొకసారి ఛార్జి చేయించే బాధ్యత మాది. ఆ తెగిన తీగను ఒక అగ్గిపెట్టెలో పెట్టి ప్రయోగశాలలో ఉంచాము. సభ్యులు వచ్చి, వంచి చూడవచ్చు.