ఇంటిబండిగా వేగపుబండి

కొత్త కారు కొనదలచి నేడు ఏ షోరూమునకు పోయినను గృహస్థునకు ఎదురగునవి చాలవరకు ఎత్తయిన ఎస్‌యూవీలే. వెనుక వేరుగా డిక్కీ కలిగి, నేలకు దగ్గరగా నుండి, నలుగురు సుఖముగా కూర్చుండదగిన సెడాను అను జాతి మన విపణినుండి మెల్లమెల్లగా నిష్క్రమించుచున్నది. కొరోలా ఆల్టిస్, హోండా సివిక్ 2020లో వెళ్లిపోయినవి. స్కోడా ఆక్టేవియా 2023లో వెళ్లిపోయినది. ఆ ఆక్టేవియాలోనే మిక్కిలి చురుకైన ఆర్ఎస్ అను రకము 2025 అక్టోబరులో మరల వచ్చిన మాట నిజమే గాని, దేశమంతటికిని వచ్చినవి 100 బండ్లు. ఒక్కొక్కదాని షోరూము ధర 49.99 లక్షలు. కావున పిల్లలను బడియొద్ద దింపుటకును, పండుగకు ఊరికి పోవుటకును పనికివచ్చు బండియే, పెడలుపై కాలు మోపినంతనే ఉరుకు బండియు కావలెనని కోరు మధ్యతరగతి మనిషికి మిగిలిన దారి సెకండ్‌హ్యాండు మార్కెట్టు ఒక్కటే.

ఈ కోరికను ఇంటిలో పెద్దలు ఒక విధముగా, బయట మిత్రులు మరొక విధముగా ఆక్షేపింతురు. "ఒకడు వదిలించుకున్న బండిని తెచ్చి వాకిట్లో పెట్టుకోవడమేమిట్రా" అని పెద్దలందురు. "మన గుంటల రోడ్లకు అంత ఇంజను దేనికి" అని మిత్రులందురు. పెద్దలకు సమాధానము సులభము: కలిగినవారు బండిని వదలుకొనుటకు బండిలో దోషమే యుండనక్కరలేదు, కొత్త మోడలు వచ్చుట చాలును. మిత్రుల మాట మాత్రము ఆలోచింపదగినది. 2018లో కేంద్రప్రభుత్వము సవరించిన పరిమితుల ప్రకారము ఎక్స్‌ప్రెస్‌వేలపై గంటకు 120, నడుమ డివైడరు గల నాలుగు వరుసల రహదారులపై 100 కిలోమీటర్లు కారునకు గరిష్ఠవేగము. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల మేర సాగు ఔటర్ రింగ్‌రోడ్డు మీదనైనను 120 మించరాదు. గంటకు 250 పోగల బండి తన శక్తిలో సగమును నిద్రపుచ్చియే ఇచట బ్రదుకవలెను. అయినను శక్తి యనగా గరిష్ఠవేగమే యని తలచుట సరికాదు. గిద్దలూరునుండి నంద్యాలకు నల్లమల నడుమ పోవు ఘాటురోడ్డువంటి రెండు వరుసల దారిలో, బరువుతో మూలుగుచు ఎక్కు లారీ వెనుక చిక్కుకొని, మలుపునకును మలుపునకును మధ్య దొరకిన కొద్దిపాటి తిన్నని దారిలో దానిని దాటవలసివచ్చినపుడు, ఎదురుబండికి చెందిన సగములో మనము గడపు క్షణములు ఎన్ని తగ్గిన అన్ని మేలు. ఆ తగ్గించుటయే శక్తిమంతమైన ఇంజను చేయు అసలైన ఉపకారము. ఆ శక్తికి తగిన పెద్ద బ్రేకులును, మలుపులో ఒరగని దేహమును దానితోపాటే వచ్చును గనుక, ఆలుబిడ్డలతో ప్రయాణము చేయువానికి ఇది వట్టి విలాసమనుట అన్యాయము.

నాకు గల శంక వేగమును గూర్చినది కాదు, లెక్కను గూర్చినది. పాత వేగపుబండి కొనువారిలో పెక్కుమంది చూచునది నేడు అమ్మకమునకు చెప్పు ధర. చూడవలసినది అది కొత్తగా నున్ననాడు పలికిన ధర. పదేండ్లక్రితము అర్ధకోటికి అమ్ముడుపోయిన జర్మను సెడాను నేడు కొత్త హ్యాచ్‌బ్యాకు ధరకు దొరకుచున్నదనగానే మనసు ఉవ్విళ్లూరును. కాని కాలము తగ్గించినది బండి వెలనే గాని దాని విడిభాగముల వెలను కాదు. టర్బో చెడినను, గేరుబాక్సు మొరాయించినను, చివరకు నాలుగు బ్రేకుడిస్కులు అరిగినను, చేతికి వచ్చు బిల్లు అర్ధకోటి బండి బిల్లే. "పాతబండి కదండీ, కాస్త చూసి వేయండి" అను మాట సర్వీసు కౌంటరులో చెల్లదు. ఇన్సూరెన్సువారు మాత్రము పాతదనమును చక్కగా గుర్తుంచుకొందురు: ఐదేండ్లు నిండువరకు బండి విలువను సగమునకు దించుదురు, ఆ పిదప ఉభయుల సమ్మతియే విలువ యందురు, ప్లాస్టిక్కు రబ్బరు భాగముల ఖర్చులో సగము యజమాని నెత్తిన వేయుదురు, ఆ సగమును తప్పించు జీరో డిప్రిసియేషను పాలసీని ముసలిబండికి ఇచ్చుటకు వెనుదీయుదురు. ఆదాయము పాతబండి కొనువానిది, వ్యయము కొత్తబండి కొన్నవానిది అగునెడ సంసారము ఎట్లు సాగునో వేరుగా చెప్పనక్కరలేదు. 2021 మార్చిలో 62.90 లక్షలకు విడుదలయై, 387 అశ్వశక్తితో 4.4 సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగమందుకొను బీఎండబ్ల్యూ ఎం340ఐ అద్భుతమైన బండి యనుటకు నాకు సందేహము లేదు. దానిని పాతదిగా కొనదగినవాడు మాత్రము కొత్తది కొనగలిగియు కొననివాడే.

మరి నీ ఎన్నిక ఏదని అడిగినచో, 2017లో 24.62 లక్షల షోరూము ధరకు వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ 230 అని చెప్పుదును. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 230 అశ్వశక్తి, 350 న్యూటన్ మీటర్ల టార్కు. వీనిని మించి గృహిణి మెచ్చునది దాని డిక్కీ. 590 లీటర్ల ఆ డిక్కీ మూత వెనుక అద్దముతో సహా పైకి లేచును గనుక, మామూలు సెడానులో దూరని మామిడిపండ్ల గంపయు పిల్లల సైకిలును ఇందులో ఇమిడిపోవును. వెనుకసీటు వంచినచో 1,580 లీటర్ల చోటు ఏర్పడును. అన్నిటికన్న ముఖ్యమైనది గేరుబాక్సు. స్కోడాయు చేరిన ఫోక్స్‌వ్యాగన్ కుటుంబపు డీఎస్‌జీ అను ఆటోమేటిక్ గేరుబాక్సులలో క్లచ్చులు నూనెలో మునిగియుండు రకమొకటి, పొడిగా నుండు రకమొకటి. పొడిరకమునకు గచ్చిబౌలి సాయంకాలపు ట్రాఫిక్కువంటి అంగుళమంగుళపు నడక గిట్టదు. క్లచ్చు పట్టియు పట్టక జారుచు వేడెక్కును. వేడియు తేమయు గల దేశములలో ఏడు గేర్ల డీఎస్‌జీకి కలుగు విద్యుత్ దోషములను సవరించుటకు ఆ సంస్థ 2013లో లోకమంతటను 16 లక్షల బండ్లను వెనుకకు పిలిచినది. ఆర్ఎస్ 230లో నున్నది నూనెలో మునుగు ఆరు గేర్ల రకము. అది మన ఎండకును రద్దీకిని తట్టుకొనును గాని, సుమారు 60,000 కిలోమీటర్లకొకసారి ఆ నూనె మార్చవలెను. మార్చినట్లు సర్వీసు కాగితము చూపలేనివాని బండి ఎంత మెరసినను నేను ముట్టను. 2020లో వచ్చిన ఆర్ఎస్ 245 ఇంకను శక్తిమంతమైనది, కాని దేశమునకు వచ్చినవి 200 మాత్రమే యగుటచే దానిని అమ్మువాడు కారును గాక అపురూప వస్తువును అమ్ముచున్నట్లే ధర చెప్పును.

మచ్చలేని ఆర్ఎస్ దొరకనిచో 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాలలో 1.5 లీటర్ల ఇంజను గలదానిని, అందునను మాన్యువల్ గేర్లదానిని వెదకుకొనుట మేలు. 150 అశ్వశక్తి సంసారికి తక్కువేమియు కాదు. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఈ రెండును ఐదు నక్షత్రములు పొందినవి.

బండి పరీక్ష యనగా మనవారు సాధారణముగా బానెట్టు ఎత్తించి, సైలెన్సరు చప్పుడు విని, "సింగిల్ ఓనరేనా, మైలేజీ ఎంత" అని అడుగుట. వేగపుబండి విషయమున ఇది చాలదు. ఇట్టి బండ్లలో అన్నిటికన్న గూఢమైన దోషము సాఫ్ట్‌వేరులో నుండును. కంప్యూటరులో కొన్ని అంకెలు మార్చి ఇంజను శక్తిని మరి యాభై అరువది అశ్వశక్తులు పెంచుట నగరములలో యువకులకు అలవాటు. అమ్ముటకు ముందు దానిని యథాస్థితికి తెచ్చుటయు అంతే సులభము. కంప్యూటరు యథాస్థితికి వచ్చును గాని, అదనపు టార్కును మోసిన క్లచ్చులు రావు. గాలి పీల్చు ఫిల్టరు పెట్టె కంపెనీది కాకపోయినను, సైలెన్సరు గొట్టముపై కొత్త వెల్డింగు కనబడినను, అమ్మువాని మాటను అచటితో ఆపి, చాసిస్ నంబరు పట్టుకొని సర్వీసు కేంద్రమునకు పోయి రికార్డు తీయింపవలెను. మీటరు తిప్పినదియు అచటనే బయటపడును: రెండేండ్ల క్రిందటి సర్వీసులో 80,000 అని వ్రాసిన బండి నేడు 52,000 చూపుచున్నచో ఇక అడుగవలసినదేమున్నది?

రెండవది నీట మునిగిన బండి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు ఎన్ని కార్లు బానెట్టు వరకు నీట నిలచెనో టీవీలో చూచినవారమే. అవి అన్నియు తుక్కునకు పోలేదు. వానిని కనిపెట్టుటకు యంత్రజ్ఞానము అక్కరలేదు. ముందుసీటు బెల్టును చివరకంట పూర్తిగా బయటకు లాగి చూడవలెను. ఎవ్వరును అంతవరకు లాగి కడుగరు గనుక, నీరు నిలచిన ఎత్తున ఒండ్రు గీత ఆ పట్టీపై పసుపుపచ్చగా మిగిలియుండును. సీటును వెనుకకు జరిపి దాని క్రింది బోల్టులను, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటను చూడవలెను. అచట త్రుప్పో, సన్నని ఇసుకయో కనబడినచో, అమ్మువాడు లక్ష తగ్గించినను రెండు లక్షలు తగ్గించినను నమస్కారము చేసి వచ్చుట శ్రేయస్కరము. ఇట్టి బండిలో ఎలక్ట్రానిక్ పెట్టెలు ఒకనాడు కాక ఒకనాడు, అదియు రాత్రివేళ హైవేమీద, పని మానును. లప్పము పెట్టి రంగువేసిన చోట్లు కనిపెట్టుటకు పెయింటు మందము కొలుచు చిన్న పరికరము మంచి మెకానిక్కుల వద్ద నుండును. కంపెనీ రంగు సాధారణముగా 100 నుండి 150 మైక్రానులుండగా, లప్పము పెట్టినచోట అది పలురెట్లు చూపును. ఒక తలుపునకు లప్పమున్నంత మాత్రమున బెదరనక్కరలేదు. మన నగరములలో గీత పడని బండి గ్యారేజీ దాటని బండియే.

పెట్రోలు సంగతి ఒక్క మాటలో చెప్పి విడచెదను. 2017నాటి బండి నేటి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు కొరకు నిర్మింపబడినది కాదు. నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన ప్రణాళికయే, ఇథనాలు లేని పెట్రోలునకు రూపొంది 10 శాతపు మిశ్రమమునకు సరిచేయబడిన కార్లలో మైలేజీ 6, 7 శాతము తగ్గవచ్చునని ఒప్పుకొన్నది. నెలసరి లెక్క వేయువారు ఈ తరుగును కలుపుకొనవలెను.

కుటుంబమునకు కొను బండిని కుటుంబము లేకుండ పరీక్షించుట నాకు ఏనాడును బోధపడని సంగతి. అమ్మువానిని ఒప్పించి, తల్లినో అత్తగారినో వెనుకసీటులో కూర్చుండబెట్టి, ఆమె ఎక్కునపుడును దిగునపుడును మోకాళ్లు ఏమనుచున్నవో గమనింపవలెను. బండి క్రిందుగా నుండుటచే దిగుటయే ఎక్కువ కష్టము. ఆక్టేవియాలో వెనుక నడిమి నేలపై ఎత్తయిన గట్టుండును గాన, అచట కూర్చుండు మూడవవాడు బాలుడైతేనే ప్రయాణము శాంతముగా సాగును. ఇక స్పీడ్‌బ్రేకరు. ఇండియన్ రోడ్ కాంగ్రెస్ చెప్పిన కొలత పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మన కాలనీలలో వెలయునవి ఏ కాంగ్రెసు మాటయు వినవు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండినపుడు మీ వీధి స్పీడ్‌బ్రేకరుపై బండి పొట్ట గీసికొనుచున్నదో లేదో కొనకముందే వినవలెను, కొన్న పిమ్మట ప్రతిదినమును వినవలసియుండును గదా! టైర్లును అంతే. 225/40 అని వ్రాసిన టైరులో రిమ్ముకును రోడ్డుకును నడుమ నుండునది తొమ్మిది సెంటీమీటర్ల రబ్బరు మాత్రమే. వానలో నీరు నిండి కనబడని గుంటలో ఒక్కసారి పడిన టైరు ఉబ్బును, రిమ్ము వంగును. పక్కన ముద్రించిన నాలుగంకెలు 2319 అని యున్నచో అది 2019లో 23వ వారపు టైరు. అరుగుదల లేకున్నను దానికి కాలము చెల్లినట్లే.

ఇంటిలో ఈ బండిని మరెవ్వరు నడుపుదురను ప్రశ్న ధర కంటె ముందు వేసికొనవలసినది. నిన్నగాక మొన్న లైసెన్సు వచ్చిన కుమారుడున్న ఇంట 230 అశ్వశక్తి తాళముచెవి గోడమేకునకు వ్రేలాడుట నాకు సమ్మతము కాదు. లైసెన్సే లేని మైనరు నడిపి ప్రమాదము చేసినచో, 2019 సవరణ చట్టము సంరక్షకునకు మూడేండ్లవరకు జైలును 25,000 రూపాయల జుర్మానాను విధించుటయే గాక, బండి రిజిస్ట్రేషనును పన్నెండు నెలలు రద్దు చేయును.

కాగితముల పని మనవారు కన్సల్టెన్సీ వానికో బ్రోకరుకో వదలివేయుదురు. యజమాని బదిలీకి చెందిన 29, 30 ఫారములపై ఖాళీగా సంతకము చేసి ఇచ్చిపోవుటయు, బండి ఇద్దరు ముగ్గురు చేతులు మారుటయు, ఆర్‌సీ మీద మాత్రము మొదటివాని పేరే నిలచుటయు మనకు నిత్యానుభవము. ఆర్‌సీలో ఎవని పేరున్నదో ప్రమాదమునకు నష్టపరిహారము చెల్లించు బాధ్యత వానిదే యని 2018లో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పిన పిమ్మటను ఈ వాడుక మారలేదు. మన రాష్ట్రపు బండి యైనచో 14 దినములలో, వేరు రాష్ట్రపుదైనచో 45 దినములలో బదిలీని ఆర్‌టీఓకు తెలుపవలెనని చట్టము. పాలసీ మార్పునకును 14 దినములే గడువు. నో క్లెయిము బోనసు అమ్మినవానితోనే పోవును గాని బండితో రాదు. కావున బ్రోకరు ఎంత నచ్చచెప్పినను, ఆర్‌సీలో పేరున్న మనిషిని వాని ఇంటివద్దనే, ఉదయమున, వాడు బండి తీయకముందు కలసికొనవలెనని పట్టుపట్టవలెను. బానెట్టుపై చేయివేసి, చల్లగా నున్నదని తెలిసిన తరువాతనే స్టార్టు చేయింపవలెను. రాత్రంతయు నిలచిన ఇంజను మొదటి పది సెకన్లలో చేయు చప్పుడును, సైలెన్సరులో వచ్చు పొగ రంగును, ముందుగా వేడిచేసి ఉంచిన బండి ఎన్నటికిని చూపదు. ఆ ఇంటివాడు ఫైలు తెచ్చి ముందు పెట్టునో, "అవన్నీ బ్రోకరు దగ్గరున్నాయండీ" అనునో అదియు అప్పుడే తెలియును.